బండియింటితో బాల్టిక్ సముద్రయానము

తీర్థమునకు పోవువారు వెనుకటి దినములలో బియ్యము, కందిపప్పు, చింతపండు, గిన్నెలు, గరిటెలు బండిలో సర్దుకొని, దారిలో చెట్టుక్రింద మూడురాళ్లు పేర్చి వంట చేసికొనుచు పోయెడివారు. మా అత్తగారు చిన్నతనమున అంతర్వేది తీర్థమునకు అట్లే పోయిరట. డెబ్బదినాలుగవ యేట వారు మరల అట్టి ప్రయాణమే చేయుదురని, అదియు ఐరోపాఖండపు ఉత్తరపుకొసను, ఎద్దులులేని బండిలో, సముద్రము దాటి చేయుదురని ఎవరనుకొందురు? 2024వ సంవత్సరము జూన్ నెలలో మాకా యోగము పట్టినది.

మా మరిది ఫిన్లాండు రాజధానియగు హెల్సింకీలో ఉద్యోగము చేయుచున్నాడు. ఇంకను పెండ్లి కాలేదు. చిన్నకొడుకు ఏమి తినుచున్నాడో, ఎట్లున్నాడో కండ్లార చూడవలెనని అత్తగారి కోరిక. ఆ నెపమున మేమును మా వారును వెంట పోయితిమి. మరిది రెండువారములు సెలవు తీసికొని, కాంపర్‌వాన్ అనెడి వాహనమొకటి అద్దెకు తెచ్చి వాకిట నిలిపెను. హెల్సింకీలో ఓడనెక్కి ఎస్తోనియా దేశపు టాలిన్ నగరమున దిగి, లాత్వియా మీదుగ లిథువేనియాకు పోయి, వచ్చిన దారినే మరలి రావలెనని అతని యోచన.

పటము తీసి చూచినచో బాల్టిక్ సముద్రపు తూర్పుగట్టున ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా అను మూడు చిన్న దేశములు పైనుండి క్రిందికి వరుసగ కనబడును. వాని నడుమ మంచి రోడ్డున్నది గాన ఓడతో పనిలేదు. ఫిన్లాండునకును ఎస్తోనియాకును మాత్రము నడుమ సముద్రము చేయి చాచి అడ్డముగ నున్నది. హెల్సింకీనుండి టాలిన్‌కు సుమారు 80 కిలోమీటర్లు. కార్లను, లారీలను కడుపులో పెట్టుకొని పోవు ఓడలు దినమునకు పలుమారులు రెండు రెండున్నర గంటలలో దాటించుచుండును. వీనిని ఫెర్రీలందురు. సఖినేటిపల్లి రేవునుండి నరసాపురమునకు వశిష్ఠగోదావరిని దాటించు మన పంటుకు ఇవి అక్కగార్లు. కాని ఈ అక్కగారు పదియంతస్తుల మేడ.

ఇక మా బండియింటి సంగతి. ముందు నడుపువాని గది. వెనుక రెండు పొయ్యిల గ్యాసుస్టవ్వు, చేతులు కడుగుకొను తొట్టి, మోకాలెత్తు ఫ్రిజ్జు, పగలు బల్లయై రాత్రి మంచమగు పీట, పైకప్పుక్రింద ఇంకొక పడక, బీరువాయంత మరుగుదొడ్డి. నేలక్రింద మంచినీళ్ల తొట్టి ఒకటి, కడిగిన నీరు చేరుటకు వేరొకటి. మా వారు అంతయు తిరిగి చూచి, "ఇక నీకు పనేముంది? అన్నీ చేతికందేటట్టే ఉన్నాయి" అనిరి. ఇల్లు చిన్నదైనంతమాత్రమున పని చిన్నది కాదని సోదరీమణులకు మేము వేరుగ చెప్పనక్కరలేదు. మొదటిపూటనే చారులోనికి ఇంగువతో తిరగమోత పెట్టితిమో లేదో, కప్పునకున్న పొగగంట చెవులు గింగురుమనునట్లు మ్రోగసాగెను. నాటినుండి తిరగమోత వేయుటకు ముందు తలుపులు, కిటికీలు బార్లా తెరచుట ఒక విధియయ్యెను. ఇంగువవాసన మాత్రము బండి అప్పగించు దినమువరకు మమ్ము విడువలేదు.

రేవులో మాకు మరియొక పాఠము కలిగెను. ఓడలో బండికి చోటు కొనునప్పుడు దాని పొడవును, ఎత్తును చెప్పవలెను. ఎత్తైన బండ్ల వరుస వేరు, వెలయు వేరు. మరిది తొందరలో మామూలు కారెత్తు వ్రాసియుండెను. కొలిచినవాడు నవ్వి, మిగిలిన రొక్కము కట్టించుకొని, మమ్ము లారీల ప్రక్కకు పంపెను. బండి అద్దెకు తీసికొనువారు దాని కొలతలను కాగితముమీద వ్రాసి ముందు అద్దమునకు అంటించుకొనుట మంచిది.

లోపలికి పోయినపిమ్మట కొన్ని కట్టుబాట్లున్నవి. గ్యాసుబుడ్డి మూత బిగించవలెను. గేరువేసి చేతిబ్రేకు లాగవలెను. ఓడ కదలుటకు ముందే ప్రతివారును బండి దిగి పైయంతస్తులకు పోవలెను. రేవు చేరువరకు బండ్ల అంతస్తునకు ఎవరును రారాదు. అత్తగారికిది నచ్చలేదు. "ఇంటికి తాళం వేసి, ఇంట్లోవాళ్లని మేడమీదకి తోలడమేమిటి? నేను ఇక్కడే కూర్చుంటాను" అని పట్టుపట్టిరి. పైగా వారి దేవుని అరలో చిన్న వెండిదీపపుకుంది యున్నది. బండ్ల అంతస్తులో నిప్పు కూడదని మరిది చెప్పగా, వత్తి తీసి కుందిని తుడిచి కొంగున ముడివేసికొని పైకి వచ్చిరి.

పైన అద్దాల కిటికీలు, ఫలహారశాలలు, అంగళ్లు, పిల్లలు ఆడుకొను గది. మేము ఒక కిటికీకడ కూర్చుంటిమి. అరగంట గడచిన పిదప మాకొక చిత్రమైన సంగతి తోచినది. చేతిలో పని లేదు. వంటయిల్లు మా కాళ్లక్రింద ఎక్కడనో ఉన్నది, తాళము వేసియున్నది. అచ్చటికి పోదమన్నను పోనియ్యరు. "కాఫీ పెడతావా?" అని యడుగుట మా వారికిని సాధ్యము కాదు. పెండ్లియైన ఇరువదియారేండ్లలో పట్టపగలు రెండుగంటలకాలము ఇట్లు ఊరక కూర్చుండి నీటిని చూచిన గుర్తు లేదు. దిగునప్పుడు మాత్రము ఏ అంతస్తున ఏ మెట్లప్రక్క బండి నిలిపితిమో నలువురికిని తెలియక, లారీల సందులలో పరుగులు పెట్టితిమి. మా వెనుకబండ్లవారు హారనులు మ్రోగించిరి.

టాలిన్ పాతనగరము గోడలతో, బురుజులతో కోటవలెనే యుండును. రేవునకు దగ్గరనున్న లావుపాటి గుండ్రని బురుజును ‘లావు మార్గరెట్’ అని పిలుతురు. అందు సముద్రయాన వస్తుప్రదర్శనశాల యున్నది. దాని ప్రక్క గట్టుమీద నల్లని రేఖయొకటి నేలనుండి వంపుగ లేచి, నడుమ తెగి, ఆవల మరల సాగుచున్నది. "ఇదేమిటి, సగంలో వదిలేశారు?" అని అత్తగారడిగిరి. మేమొకరి మొగము నొకరము చూచుకొంటిమి.

అది ఒక ఓడ జ్ఞాపకార్థము నిలిపినది. 1994వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీ రాత్రి, టాలిన్‌నుండి స్టాకుహోముకు పోవుచున్న ‘ఎస్తోనియా’ అను ఫెర్రీ తుపానులో మునిగినది. అందున్న 989 మందిలో 852 మంది మరణించిరి. ఈ సంగతి మాకు ముందే తెలియును. అత్తగారు భయపడుదురని దాచితిమి. ఇక దాచుట కుదరక మరిది చెప్పెను. వారు చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "నేను భయపడతానని చెప్పలేదా? భయపడ్డం నా పని, చెప్పడం మీ పని. తెలిసి ఎక్కడం వేరు, మీరు ఎక్కించడం వేరు. నేనింక ఆ ఓడ ఎక్కను" అనిరి.

అనుట సులభమే గాని మార్గమేది? తూర్పున రష్యామీదుగ పోదమన్న, ఫిన్లాండు తన తూర్పు సరిహద్దును 2023 చివర మూసివేసి యుండెను. పడమటివైపున పోలండు, జర్మనీ, డెన్మార్కులు దాటి, వంతెనలమీదుగ స్వీడను చేరి, ఉత్తరపుకొసవరకు పోయి ఫిన్లాండులోనికి దిగవలెను. నాలుగువేల కిలోమీటర్లకు పైమాట. సెలవు చాలదు. విమానమున్నదని మా వారనిరి. "మీరు బండిలోనా, నేను గాలిలోనా? అదీ కుదరదు" అని అత్తగారి తీర్పు. తిరుగుదారి సంగతి తేలకుండగనే మేము దక్షిణమునకు సాగితిమి.

ఎస్తోనియా ప్రభుత్వ అటవీసంస్థవారు అడవులలో బాటసారులకొఱకు ఉచితముగ విడిదిచోట్లు ఏర్పరచియున్నారు. నిప్పురాజేయు చోటు, బల్లలు, మరుగుదొడ్డి యుండును. దేవదారువంటి చెట్లనడుమ అట్టిదొకదాన మేము దిగితిమి. జూన్ మాసమున అచ్చట ప్రొద్దు రాత్రి పదిన్నర దాటినగాని క్రుంకదు. తెల్లవారుజామున నాలుగింటికే మరల ఉదయించును. అత్తగారు సంధ్యాదీపము పెట్టుటకు ఆరుగంటలనుండి కాచుకొనియుండిరి. ఏడాయెను, ఎనిమిదాయెను, తొమ్మిదాయెను. ఎండ చెట్లపైనుండి కదలదు. "ఈ దేశంలో సంధ్య ఎప్పుడ్రా నాన్నా?" అని విసిగి, తుదకు గడియారమును నమ్మి, బండి వెలుపల నిప్పుగుంటలోని రాతిమీద దీపము పెట్టి నమస్కరించిరి. ఆ వెలుతురులో దీపపుజ్వాల కంటికి కనబడనేలేదు.

ఆ రాత్రియే మా తగవును వచ్చెను. మూడుదినములనుండి వంట, అంట్లు, పడకలు పరచుట, చుట్టుట మేమే చేయుచుంటిమి. మగవారు సముద్రము చూడబోయిరి. సగము గిన్నెలు తోముసరికి తొట్టిలో నీరైపోయెను. వాడిననీటి తొట్టి నిండి దుర్వాసన కొట్టుచున్నది. వారు తిరిగివచ్చి ఆకాశపు రంగులను వర్ణింప మొదలుపెట్టగా, మాకు దుఃఖమో కోపమో తెలియలేదు. "ఇల్లు వదిలి ఇంత దూరం వచ్చి, అదే వంటింటిని వెంట తెచ్చుకున్నాను. ఓడమీద ఆ రెండుగంటలే నాకు సెలవు" అంటిమి. మా వారు నిశ్చేష్టులైరి, తెలియకగాదు, తలచక. మరిది మాత్రము మాటాడక గిన్నెల తట్ట తీసికొని నీటికొళాయికడకు పోయెను. "వదినా, ఆరేళ్లుగా ఒక్కణ్ణే ఉన్నాను. నా గిన్నెలు ఎవరు తోమారనుకున్నావు?" అనెను.

నాటినుండి మంచినీరు నింపుట, వాడిననీరు పారబోయుట, మరుగుదొడ్డి పెట్టె ఖాళీచేయుట మగవారికి, ఉదయపు ఉప్మా మా వారికి, అంట్లు మరిదికి. ఆ పెట్టె సంగతి అత్తగారు కూడదందురని మేము జంకితిమి. వారు, "తల్లి మంచాన పడితే ఎత్తరా ఏమిటి? ఇదీ అంతే. ఎత్తండి" అని కొట్టివేసిరి. మా వారి ఉప్మా మొదట జిగురై, రెండవనాడు మాడి, నాలుగవనాటికి తినదగినదిగ పరిణమించెను.

టాలిన్‌నుండి లాత్వియా రాజధానియగు రీగాకు సుమారు 310 కిలోమీటర్లు. సరిహద్దున బల్లతప్ప మరేమియు లేదు. ఈ దేశములన్నియు షెంగెన్ ఒడంబడికలో చేరినవి గనుక మాకు ఒక్క వీసాయే చాలినది. 1989 ఆగస్టు 23న ఈ మూడుదేశముల ప్రజలు, సోవియట్ పాలననుండి విముక్తి కోరుచు, టాలిన్‌నుండి రీగా మీదుగ విల్నియస్ వరకు ఆరువందల కిలోమీటర్లకు పైగా చేయి చేయి పట్టుకొని నిలిచిరి. ఇంచుమించు ఇరువదిలక్షలమంది. చంకబిడ్డలతో తల్లులును వచ్చిరి. రెండేండ్లలో మూడుదేశములును స్వతంత్రములైనవి.

రీగా సంత చూడవలసినది. మొదటి మహాయుద్ధమునాటి జర్మను ఆకాశనౌకలను నిలుపు షెడ్ల ఇనుపచట్రములను తెచ్చి, ఐదు పెద్ద మండపములుగ కట్టి, 1930లో తెరచిరి. ఒకదానిలో మాంసము, ఒకదానిలో చేపలు, ఒకదానిలో పాలు, వెన్న, జున్ను, ఇట్లు వేరువేరు. మేము చేపలవైపు పోక కూరలవైపు పోతిమి. అచ్చట నొక ముసలమ్మ సీసాలు పేర్చుకొని "మెదుస్, మెదుస్" అని చూపుచుండెను. అత్తగారు ఆగి, సీసా ఎత్తి వెలుతురున చూచి, "మధువే కదూ!" అనిరి. నిజమే. లాత్వియా, లిథువేనియా భాషలు సంస్కృతమునకు దూరపు చుట్టములు. లిథువేనియనులో నిప్పును ‘ఉగ్నిస్’ అనియు, కుమారుని ‘సూనుస్’ అనియు, దేవుని ‘దియెవాస్’ అనియు అందురు. పండ్లనిచ్చిన దేవుడు రొట్టె నియ్యకపోవునా అని వారికొక సామెత యున్నది. నారు పోసినవాడు నీరు పోయడా అని మనము అనుకొనునదే. ఎస్తోనియా భాష మాత్రము ఈ కుటుంబములోనిది కాదు. అది ఫిన్లాండు భాషకు చెల్లెలు. ఆ ముసలమ్మయు అత్తగారును ఒకరిమాట ఒకరికి తెలియకయే పావుగంట బేరమాడిరి. తేనె కొంటిమి. ధర తగ్గినదో లేదో నేటికిని తెలియదు.

అచ్చటినుండి లిథువేనియా రేవుపట్టణమగు క్లైపెడాకు పోతిమి. ఆ పట్టణమున కెదురుగ, సముద్రమునకును లోపలి సరస్సునకును నడుమ, 98 కిలోమీటర్ల పొడవున సన్నని ఇసుకతిన్నె యొకటి గీతవలె సాగియున్నది. సగము లిథువేనియాది, సగము రష్యాది. క్లైపెడానుండి దానిమీదికి పోవుటకు చిన్న ఫెర్రీయే గతి. పదినిమిషముల లోపు దాటింపు. మేమెవరమును అత్తగారిని రమ్మని బలవంతపెట్టలేదు. ఒడ్డున నిలిచి వారు చూచిరి: తలుపు నేలమీద వాలినది, కార్లు ఎక్కినవి, సైకిళ్లవారు ఎక్కిరి, కుక్కను పట్టుకొని ఒక పిల్ల ఎక్కినది. "ఇది మన సఖినేటిపల్లి పంటేరా!" అని ముందు తామే నడచిరి.

ఆవలియొడ్డున మరిది ఆ పెద్ద ఓడ ఎట్లు మునిగినదో దాచక చెప్పెను. ఓడ ముక్కున పైకి లేచు తలుపొకటి యుండెను. అలల దెబ్బలకు దాని గడియలు విరిగి, బండ్ల అంతస్తులోనికి నీరు జొరబడినది. ఆ అంతస్తు అడ్డుగోడలు లేని పొడవాటి చావడి. "పళ్లెంలో నీళ్లు పోసి ఎత్తి చూడమ్మా, ఒక్కవైపుకే వస్తాయి కదా" అనెను. అత్తగారు తలయూపిరి, పళ్లెము సంగతి వారికి ఒకరు చెప్పవలసినది కాదు. సుమారు గంటలో ఓడ అడుగంటినది. ఆ పిమ్మట 1996లో ఉత్తర ఐరోపాదేశములు కొన్ని స్టాకుహోములో ఒడంబడిక చేసికొని, అట్టి అంతస్తున అరమీటరువరకు నీరు నిలిచినను ఓడ ఒరిగిపోరాదని నిబంధన పెట్టిరి. "అయితే ఇప్పుడు మునగవా?" అని వారడిగిరి. "మునగవని ఎవరూ చెప్పలేరమ్మా. అప్పటికంటే జాగ్రత్త ఎక్కువ. అంతవరకే చెప్పగలను" అని అతడనెను. "ఆ ముక్క టాలిన్‌లో దిగకముందు చెప్పవలసింది" అని మాత్రమనిరి.

ఆ ఇసుకతిన్నెమీద నిదా అను గ్రామమున రెండురాత్రులుంటిమి. విడిదిస్థలమున దప్ప మరెక్కడను బండిలో నిద్రింపరాదు. వెనుకటివారు అడవులు నరికివేయగా, ఇసుక గాలికి లేచి నడచి ఊళ్లకు ఊళ్లను కప్పివేసినదట. పందొమ్మిదవ శతాబ్దిలో గట్టు కట్టి, చెట్లు నాటి, నిలిపిరి. యాబదిమీటర్ల ఎత్తు ఇసుకకొండ ఇప్పటికిని ఊరిప్రక్కన నున్నది. ఆ యూరి సముద్రతీరమున అత్తగారు నీరు దోసిట తీసి నోట వేసికొని, "ఉప్పేదీ?" అనిరి. మహాసముద్రమున లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుండగా ఇచ్చట ఏడెనిమిది గ్రాములే; నదులెన్నియో వచ్చి కలియును, వెలుపలి సముద్రమునకు దారి మిక్కిలి ఇరుకు. నిదాలో మేము తినిన చల్లని బీటుదుంపల పులుసును వర్ణింపక విడువలేము. కెఫిర్ అనెడి పుల్లని మజ్జిగలో ఉడికిన బీటుదుంపకోరు, దోసకాయముక్కలు, సోయికూర కలుపుదురు; గులాబిరంగున నుండును. వేడి బంగాళాదుంపలతో తినవలెను. గ్రుడ్డు వేయవద్దని ముందే చెప్పవలెను. ఇంటికి వచ్చి మన మజ్జిగతో చేసితిమి. బాగుగనే వచ్చినది, కాని కొంచెము ఆవపొడి వేయక ఉండలేకపోతిమి.

వచ్చిన దారినే మరల టాలిన్ చేరితిమి. ఓడ సాయంకాలము. ఏమగునోయని మాకు గుండె దడదడలాడుచుండెను. అత్తగారు ఏమియు అనలేదు. బండి వరుసలో నిలువగనే తామే దిగి, వెనుకతలుపు తీయించి, గ్యాసుబుడ్డి మూత తిప్పి చూచిరి; మా వారు బిగించియేయుండిరి, అయినను ఇంకొకమారు బిగించిరి. దీపపుకుంది తుడిచి కొంగున ముడివేసికొనిరి. లోపలికి పోయి దిగినపిమ్మట గోడమీది అంతస్తు సంఖ్యను, మెట్లతలుపు రంగును రెండుమారులు పైకి చదువుకొనిరి.

పైన వెలుపలి వసారాలో గాలి చలిగనున్నది. టాలిన్‌లో సారాయి చవుకయని పెట్టెలు పెట్టెలు కొని చక్రాలబండ్లపై లాగికొనిపోవు ఫిన్లాండువారు మా చుట్టును సందడి చేయుచుండిరి. "ఆ ఓడ ఎటువైపు మునిగింది?" అని వారడిగిరి. మరిది పడమటికి చూపెను. "చాలా దూరమమ్మా, ఇక్కణ్ణించి కనపడదు." వారు అటు తిరిగి, శాలువ సర్దుకొని, చేతులు జోడించి కొంతసేపు నిలిచిరి. పిమ్మట, "చలేస్తోంది, లోపలికి పదండి. కాఫీ ఎవరు తెస్తారు?" అనిరి. మా వారు లేచి పోయిరి.

హెల్సింకీ సమీపించినదని, బండ్లకడకు పోవచ్చునని ప్రకటన వినబడగనే అందరును మెట్లవైపు మూగిరి. మా వారు ఎడమకు, మరిది కుడికి తిరిగిరి. "ఇటు కాదు, అటు కాదు. ఏడో అంతస్తు, ఆకుపచ్చ తలుపు" అని అత్తగారు ముందు నడువగా, మేము వారి వెనుక దిగితిమి.